పదహారో పేరు

1981 అక్టోబర్ 4, ఆదివారం

ఈవేళ రామమూర్తి మాస్టారు ఒక ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయన మా అమ్మాయి సుభాషిణి వాళ్ళ సాఫ్ట్‌బాల్ కోచ్. పగలు స్కూల్లో డ్రిల్లు మాస్టారు, సాయంత్రాలు మా ఆర్.కె.పురం క్వార్టర్ల ఆడపిల్లలకి ఆట నేర్పుతారు. డిసెంబర్ సెలవుల్లో జైపూర్లో టోర్నమెంట్ ఉందిట. ప్రొఫార్మాలు నింపి, సర్టిఫికెట్లు సరిచూసి, లిస్టు టైపు చేసి పెట్టాలిట. భానుమతిగారూ, పన్నెండేళ్ళుగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఉన్నారు, కాగితాల సంగతి మీకంటే ఎవరికి తెలుస్తుందండీ అన్నారు. పొగిడితే నేను పడతానని ఆయనకి తెలుసు. పడ్డాను.

రూల్స్ రెండుసార్లు చదివాను. నాకు రూల్స్ చదవడం ఇష్టం, ఇందులో సిగ్గెందుకు. డిసెంబర్ 31కి పదహారేళ్ళు నిండకూడదు. ఆర్నెల్లుగా ఢిల్లీ స్కూల్లో చదువుతూ ఉండాలి. ఈ సీజన్లో ఇంకో స్టేట్ తరఫున ఆడి ఉండకూడదు. పేర్లు పదహారే. లిస్టు డిసెంబర్ 5 లోగా సాఫ్ట్‌బాల్ అసోసియేషన్‌కి చేరాలి. ఆ తర్వాత పేరు కొట్టేయొచ్చుగాని కలపడానికి వీల్లేదు.

ఫైల్లో పదిహేడు పేర్లున్నాయి. పోయిన నెల దాకా సరిగ్గా పదహారు. కొత్తగా చేరిన పిల్ల పేరు ఆశమ్మ. పిచ్చరు, అంటే బంతి విసిరేది. మా సుభాషిణి కూడా పిచ్చరే. మరి ఎవరి పేరు ఎగిరిపోతుందండీ అనడిగితే మాస్టారు చూద్దాం లెండి అని ఇంకో మైసూర్‌పాకు తీసుకున్నారు.

మా సుభాషిణి రెండేళ్ళుగా పొద్దున్న ఐదింటికి లేచి, మెట్ల కింద గోడకేసి బంతి కొడుతోంది. కింది ఫ్లాట్ కపూర్ ఆంటీ చేత ఎన్ని తిట్లు తిందో లెక్కలేదు. మార్కులు చూస్తే కాలేజీ సీటు వచ్చేలా లేదు. ఈ టోర్నమెంట్ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఆశ ఉంది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. దానికి ఇదొక్కటే ఛాన్సు.

అక్టోబర్ 5

ఆశమ్మ టి.సి. చూశాను. పుట్టిన తేదీ జూలై ఒకటి. నేను అనుకుంటూనే ఉన్నాను.

అక్టోబర్ 6

మా సెక్షన్లో ఉద్యోగుల సర్వీస్ బుక్కులు నాలుగొందలున్నాయి. సగం మంది జూలై ఒకటినే పుట్టారు. దేశంలో మంత్రసానులందరూ ఆ ఒక్కరోజే డ్యూటీ చేశారా? ఊళ్ళో పిల్లని బళ్ళో వెయ్యడానికి తీసుకెళ్తే హెడ్‌మాస్టరు ఎగాదిగా చూస్తాడు. కుడిచెయ్యి నెత్తి మీంచి తిప్పి ఎడమ చెవి పట్టుకోమంటాడు. చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు. ఐదేళ్ళు వెనక్కి లెక్కేసి జూలై ఒకటి అని రాసేస్తాడు. అదీ పుట్టినతేదీ!

ఈ పిల్లది 1-7-1966 అని ఉంది. పదిహేనేళ్ళు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఏదో పల్లె బడి. సిరా చూస్తే నిన్న రాసినట్టుంది. టి.సి. ఏప్రిల్లో తీసుకున్నారు కాబట్టి సిరా కొత్తగానే ఉంటుందని ఆయన అన్నారు. ఆయనంటే మా శ్రీరాములుగారు. వాతావరణ శాఖలో పని. అన్నిటికీ అయినా అవొచ్చు, కాకపోయినా కాకపోవచ్చు అంటారు. నీకెందుకే ఆ పిల్ల గొడవ అని కూడా అన్నారు. నాకెందుకా? కన్నదాన్ని నేను గనక.

అక్టోబర్ 11, ఆదివారం

గ్రౌండుకి వెళ్ళాను. స్వెట్టరు అల్లుకుంటున్నట్టు కూర్చుని ఆ పిల్లనే చూశాను.

పొడుగు. గట్టి భుజాలు. నల్లగా, చలాకీగా ఉంది. ఈ ఆటలో బంతిని చెయ్యి కిందినుంచి తిప్పి విసరాలి. మావాళ్ళు ఒకసారి తిప్పి వేస్తారు. ఇది గిర్రున తిప్పి వదిలితే బంతి కనబడదు, వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో చప్పుడే వినబడుతుంది. ఆరుగురు వరసగా అవుటైపోయారు. అందులో సుభాషిణి ఒకతి. నాకు ఒళ్ళు మండింది.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అనడిగాను, మంచిగానే. జొన్నచేన్ల మంచె మీద నిలవడి వడిసెలతోని పిట్టలు గొట్టేదాన్ని గదమ్మా, గట్లనే ఇసురుతున్న అంది. నవ్వింది. వడిసెల తిప్పి రాయి విసరడం చిన్నపిల్లల పనా? ఎన్నేళ్ళు కావలి కాసి ఉండాలి అంత ఒడుపు రావాలంటే? చేతులు చూశాను. నా చేతులకంటే ముదురుగా ఉన్నాయి. పదిహేనేళ్ళని నన్ను నమ్మమంటారు. నా చెవిలో పువ్వు పెడదామనే!

తిరిగొస్తూ సుభాషిణి, ఆమె బాల్ భలే ఉంటుంది కదా మమ్మీ అంది. అసూయ లేని పిల్లని కన్నాను. ఆ పనీ నేనే చెయ్యాల్సి వస్తోంది.

అక్టోబర్ 13

స్కూలు హాజరు పట్టీ కూడా చూసొచ్చాను. ఏప్రిల్ 13న చేరింది. ఈవేళ్టికి ఆర్నెల్లు. ఆ రూలు ప్రకారం తప్పు లేదు. ఎవరో లెక్క చూసే చేర్చినట్టున్నారు.

అక్టోబర్ 18, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లేమిటి, లోధీ రోడ్ వైపు ఏషియాడ్ కోసం కడుతున్న స్టేడియం పక్కన రేకుల గుడిసె. తండ్రి మల్లేశం అక్కడ మేస్త్రీ కింద పనిచేస్తాడు, తల్లి కాంతమ్మ ఇటుకలు మోస్తుంది. మల్లేశం పనిలో ఉన్నాడు. ఫారం నింపాలి, అందుకే వచ్చానన్నాను. అబద్ధం కాదు కదా.

పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగాను. యాడాది నాకేమెరుకమ్మా, మా పెద్దెద్దు సచ్చిన యేడు, పీర్ల పండుగైన మూడొద్దులకు పుట్టింది అంది. ఎద్దు ఎప్పుడు చచ్చిందో ఏ రికార్డులో ఉంటుంది? మీ పెద్దవాడికెన్నేళ్ళు అంటే వాడు మాకు పెద్దవానలు పడ్డప్పటోడు అంది. ఎటు నుంచి పట్టుకోబోయినా ఇంతే. కావాలనే చెప్పడం లేదో, నిజంగా తెలీదో తేల్చుకోలేకపోయాను.

పక్క గుడిసెలోంచి చక్కెర తెప్పించి టీ పెట్టింది. గోనెపట్టా దులిపి పరిచింది. తప్పు లేనివాళ్ళు ఇంత మర్యాద చేస్తారా అనిపించింది. తాగుతుంటే అడిగింది, జైపూరుకి మీ బిడ్డ గూడ వోతదా అమ్మా అని. పోతుందన్నాను. గట్లయితే నాకు బుగులు లేదు, మనోళ్ళ పిల్ల తోడుంటది అంది. టీ సగంలోనే కింద పెట్టేశాను. త్వరగా లేచి వచ్చేశాను.

అక్టోబర్ 19

ఆ టీ సంగతి ఎందుకు గుర్తొస్తోందో. టీ ఇచ్చినంత మాత్రాన వయసు తగ్గుతుందా?

నవంబర్ 2, సోమవారం

రామమూర్తి మాస్టారితో అటో ఇటో తేల్చుకున్నాను. ఆశమ్మ వయసు మీద నాకు అనుమానంగా ఉంది, అసోసియేషన్‌కి రాయండి అన్నాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. టి.సి. ఉందికదమ్మా, కాగితం సరిగ్గా ఉంటే మనకెందుకండీ అన్నారు. పల్లెటూరి కాగితాలన్నీ అంతే కదా, తవ్వుకుంటూ పోతే అందరివీ అంతే అన్నారు. ఆ మాట ఎందుకో గుచ్చుకుంది. పట్టించుకోలేదు.

రూలు చదివి వినిపించాను. ఒక్క పిల్లకి వయసు ఎక్కువని తేలినా టీమంతా అవుట్, రెండేళ్ళు బ్యాన్. పదిహేనుమంది పిల్లల ఉసురు పోసుకుంటారా అన్నాను. మొహం పాలిపోయింది పాపం. నేను అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. మీరు రాయకపోతే నేనే రాస్తానన్నాను. మీ ఇష్టమమ్మా అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

నవంబర్ 3

రాశాను. అసోసియేషన్ సెక్రటరీ నాగభూషణంగారికి. ఒక క్రీడాకారిణి వయస్సు విషయమై సందేహ నివృత్తి కోసం తగు చర్య తీసుకోగలరు అని. పేరూ రాశాను. డ్రాఫ్టు బాగా కుదిరింది.

సాయంత్రం సుభాషిణితో నీ చోటు ఎక్కడికీ పోదులే అన్నాను. సచ్చీ? అని నా మెడ పట్టుకుని ఊగింది. ఇంత పెద్దదయ్యాక అలా ఊగడం ఇదే మొదలు. ఎలా అని అడిగితే ఆశమ్మ వయసు సంగతి చెప్పాను. ఊగడం ఆపి పక్కకి జరిగింది. తర్వాత, చీటింగ్ చేస్తే మరి వెళ్ళాల్సిందే కదా మమ్మీ అంది.

నవంబర్ 11, బుధవారం

జవాబొచ్చింది. ఆఫీసులోనే విప్పాను.

మీ సూచన అభినందనీయం అని మొదలుపెట్టారు. వయసు విషయంలో కాగితాల మీద ఆధారపడి లాభం లేదు కాబట్టి మణికట్టు ఎక్స్‌రే తీయిస్తారట. ఎముకలు చూసి వయసు చెబుతారట డాక్టర్లు. ఒక్కరికే తీయిస్తే పక్షపాతం అంటారు గనక టీములో ఉన్న పదిహేడుగురికీ తీయించాలి. నవంబర్ 21, ఆసుపత్రిలో, పొద్దున్న తొమ్మిదికి.

పదిహేడుగురికీ! ఆ వాక్యం మళ్ళీ చదివాను. పక్క సీట్లో రాజేశ్వరమ్మగారు ఏమైందమ్మా అలా అయిపోయావు అన్నారు. నీళ్ళు తాగి, సగం రోజు సెలవు పెట్టి వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం

రాయడానికి చెయ్యి రావడం లేదు. డైరీలోనే రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

సుభాషిణి పుట్టింది 1965 మార్చి 17న. స్కూల్లో ఉన్నది 1966 ఆగస్టు 12.

మార్చింది నేనే. మేము ఢిల్లీ వచ్చిన కొత్తలో దాన్ని విజయనగరంలో మా అమ్మ దగ్గర ఉంచాం. టైఫాయిడ్ వచ్చి ఒక ఏడాది చదువు పోయింది. 1971 జూన్‌లో తెచ్చి ఇక్కడ ఒకటో క్లాసులో వేశాం. ఫారంలో పుట్టినతేదీ దగ్గర ఆగిపోయాను. సరిగ్గా ఆ వారమే మా సెక్షన్‌కి పెద్దిరాజుగారి కేసు వచ్చింది. హెడ్ క్లర్కు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న బళ్ళో త్వరగా వెయ్యాలని రెండేళ్ళు ఎక్కువ వేయించాడు. అందుకని యాభైఆరేళ్ళకే రిటైర్ అవ్వాలి. జాతకం, అఫిడవిట్టు అన్నీ తెచ్చి నా బల్ల ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రూల్సు ఒప్పుకోవండీ అని ఫైలు మూశాను. మూసింది నేనే.

నా కూతురు ఎవరి బల్ల ముందూ అలా నిలబడకూడదనుకున్నాను. ఎప్పుడో దానికి గవర్నమెంటు ఉద్యోగం వస్తే పదిహేడు నెలల సర్వీసు కలిసొస్తుందనుకున్నాను. ఆరేళ్ళ పిల్లకి రిటైర్మెంట్ లెక్కేశాను! నగలు చేయించలేకపోయినా ఇది చేశానని చాన్నాళ్ళు లోలోపల గర్వపడ్డాను కూడా.

ఇంట్లో పుట్టినరోజు ఫాల్గుణంలో తిథి ప్రకారం చేస్తాం. స్కూలు తేదీ వేరని దానికి తెలుసు. నెలలే తేడా అనుకుంటుంది. సంవత్సరం తేడా అని తెలీదు. అది నిజంగా తనకి పదిహేనే అనుకుంటోంది.

నవంబర్ 14

నీకు దగ్గుగా ఉంది, ఈసారి టోర్నమెంటుకి వద్దులే అన్నాను. దగ్గెక్కడుంది అంది. లోధీ రోడ్ వైపు తెలిసినవాళ్ళ పెళ్ళుందన్నాను. ఇరవయ్యొకటో తారీకునే ఎవరి పెళ్ళి అంది. నాకు పేరు తట్టలేదు. చెయ్యి పట్టుకుని మణికట్టు నొప్పిగా ఉందా అనడిగాను. ఎందుకు మమ్మీ రోజూ ఇలా అడుగుతున్నావు అని చెయ్యి లాక్కుంది.

దానికి ఎక్స్‌రే అంటే పండగలా ఉంది. నాది ఎలాగూ కరెక్టే కదా, ఆశమ్మది దొరికిపోతుంది, మైఁ తో పక్కా అని ఫోన్లో ఫ్రెండుకి చెప్పింది. ఆ నమ్మకం ఎక్కించింది నేనే. నా నోట్లో మన్నుపడ.

నవంబర్ 15

ఆయనతో చెప్పాను. ఆయనకి ఆ తేదీ సంగతి అప్పుడే తెలుసు, సంతకం ఆయనదే. పిల్లకి చెప్పెయ్యి అన్నారు. మీరు చెప్పండి అన్నాను. మార్చింది నువ్వు కదే అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన అంత ఖచ్చితంగా మాట్లాడటం ఇదే మొదలు. నేను వెళ్ళి బట్టలు మడతపెట్టుకున్నాను.

నవంబర్ 20

చెప్పలేదు.

నవంబర్ 21, శనివారం

పదిహేడుగురూ వరసలో నిలబడ్డారు, స్వెట్టర్ చేతులు పైకి మడుచుకుని. ఆశమ్మ మిషను చూసి బెదిరిపోయింది. చెయ్యి పెట్టనంది. గిది కాలుస్తదా అమ్మా అని నన్నడిగింది, నన్నే! నేను జవాబిచ్చేలోపు సుభాషిణి ముందుకెళ్ళి, దేఖో, కుఛ్ నహీ హోతా అని తన చెయ్యి పెట్టి చూపించింది. తర్వాత ఆశమ్మ పెట్టింది. బయట ఇద్దరూ ఒకే వేరుశెనక్కాయల పొట్లం లోంచి తిన్నారు.

నేను దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. డాక్టర్లకి అన్నీ సరిగ్గా తెలుస్తాయా, ఎముకలు అబద్ధం చెప్పవా అని ఒక నర్సుని అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసింది.

నవంబర్ 28, శనివారం

రామమూర్తి మాస్టారు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆశమ్మకి పదిహేను నిండలేదట. పధ్నాలుగు, పదిహేను మధ్యలో అని రాశారట. ఆ హెడ్‌మాస్టరు ఎక్కువే వేశాడన్నమాట. చెవి అందింది కదా అని.

పదహారుగురు ఓకే. సుభాషిణి ఒక్కతే అవుట్. పదహారు దాటింది అని ఉంది.

తేదీ ఎవరు మార్చారో మాస్టారు అడగనక్కర్లేదు. ఆయనకి అర్థమైంది. లిస్టు ఇంకా పంపలేదు కాబట్టి టీముకి బ్యాన్ ఉండదు, అదొక్కటే మంచిదమ్మా అన్నారు. తవ్వుకుంటూ పోతే అని ఆవేళ ఆయన అన్నమాట నేను వినాల్సింది.

నవంబర్ 29, ఆదివారం

అది నిన్నంతా ఏడ్చి ఈవేళ పొద్దున్నే తలంటుకుని నా ముందు కూర్చుంది. ఏడుపు అయిపోయి పౌరుషం వచ్చింది. మిషన్ గలత్ హై మమ్మీ, మన ఎక్స్‌రే ఇంకెవరితోనో మారిపోయింది అంది. తెల్లకాగితాలు, కార్బను, పెన్ను తెచ్చి బల్ల మీద సర్దిపెట్టింది. అప్పీలుకి మూడు రోజులు టైముంది, ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్ జత చేస్తే చాలట, నువ్వు రాస్తే ఎవరూ కాదనలేరు అంది. మా మమ్మీ ఎస్టాబ్లిష్‌మెంట్లో ఉందని మాస్టారికి కూడా చెప్పానంది.

పెన్ను తీసుకున్నాను. టు ది సెక్రటరీ అని రాశాను. సర్ అని రాశాను. ఆ తర్వాత ఏం రాయాలి?

లేచి, ట్రంకు పెట్టె తెరిచి, అడుగునున్న విజయనగరం మునిసిపాలిటీ కాగితం తీసి దాని చేతిలో పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది. వెనక్కి తిప్పి చూసింది, అక్కడింకేమైనా ఉంటుందేమోనని. అంతా చెప్పాను. పెద్దిరాజుగారి సంగతి, పదిహేడు నెలల సంగతి, నీకోసమే అన్నాను. నీకోసమే అని నాలుగైదుసార్లు అన్నట్టున్నాను.

అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. అయితే పోయిన ఏడాదే నాకు ఆఖరి ఛాన్సన్నమాట అంది. పోయిన ఏడాది జలంధర్ టోర్నమెంటుకి చలి ఎక్కువని నేనే పంపలేదు. చిన్నపిల్లవి, వచ్చే ఏడాది వెళ్దువుగాని అన్నాను.

తర్వాత ఒక్కటే అడిగింది. ఆశమ్మ మీద లెటర్ రాసింది కూడా నువ్వేనా అని. అవునన్నాను. ఆమెకేమీ చెప్పకు మమ్మీ, ఆమె నిన్ను మంచిదనుకుంటోంది అంది. నాకు ఏడుపొచ్చింది. అది నన్ను ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి?

డిసెంబర్ 4, శుక్రవారం

లిస్టు టైపు చేశాను. ఆఫీసు మిషను మీదే, లంచ్ టైములో. పదహారు పేర్లు. పదహారోది ఆశమ్మ, డాటరాఫ్ మల్లేశం. పుట్టినతేదీ గడిలో 1-7-1966 కొట్టాను. తప్పని తెలుసు, అయినా కాగితంలో ఉన్నదే కొట్టాలి. మూడు కాపీలు. ఒకచోట తప్పు కొట్టి రబ్బరు పెట్టాల్సి వచ్చింది. పన్నెండేళ్ళలో మొదటిసారి.

కాంతమ్మ మనోళ్ళ పిల్ల తోడుంటుందనుకుంటోంది. ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో. నేను వెళ్ళలేను.

డిసెంబర్ 6, ఆదివారం

ఐదింటికి మెలకువొచ్చింది. మెట్ల కింద గోడకేసి బంతి చప్పుడు లేదు. కపూర్ ఆంటీ పైకొచ్చి మీ అమ్మాయికి ఒంట్లో బాలేదా అని అడిగి వెళ్ళింది.

డిసెంబర్ 9, పొద్దున్న ఏడున్నర

సుభాషిణి స్కూలుకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. పది రోజుల తర్వాత తనంతట తాను నాతో మాట్లాడింది.

నా గురించి ఇంకేమేం మార్చావు అని అడిగింది.

ఇంకేమీ లేదన్నాను.

నా మొహంలోకి చూసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నమ్మలేదు.